‘లేడీస్ కళ్ళు’ అనే ఫైలు

2026 ఫిబ్రవరి 8, ఆదివారం. వాకిలి ఊడ్చి ముగ్గు పెట్టడమైంది. దోసెపిండి రుబ్బడమైంది. నిమ్మకాయ ఊరగాయ జాడీల్లోకి ఎత్తడమైంది. చేపల పులుసు దించి మూత పెట్టడమైంది. ఇస్త్రీ కాలేదు.

(నవ్వులు)

మన్నించాలి. ఏ కాగితం మీదైనా ముందు తేదీ, ఆ రోజు అయిన పనులు రాస్తే గాని నా చెయ్యి సాగదు. ఈ ప్రసంగం కాగితం మీదా అవే ఉన్నాయి. రాసుకున్నదాన్ని దాటేసి చదవడం నాకు చేతకాదు.

అధ్యక్షత వహిస్తున్న లెక్చరర్ మహాలక్ష్మి గారికి, ముత్తుకూరు పెద్దలకు, సముద్రం ఒడ్డు నుంచి ఆటోలు మాట్లాడుకుని వచ్చిన అక్కచెల్లెళ్ళకు, మా షాపులో ఫ్లెక్సీలు వేయించుకుని ఒకరి పక్కన ఒకరు కూర్చోక తప్పని అన్ని పార్టీల నాయకులకు (నవ్వులు), ముందు వరుసలో గడియారం చూసుకుంటున్న మా వారు నరేంద్రబాబు గారికి, మా షాపులో డిజైనరుగా పనిచేసి రేపటి నుంచి కావలిలో సొంతంగా బొమ్మల స్టూడియో పెట్టుకోబోతున్న స్వర్ణకు నమస్కారం. నా పేరు కామాక్షమ్మ. ఇంటి పనులు అయ్యాక మధ్యాహ్నాలు షాపుకొచ్చి, ఫ్లెక్సీల మీద పేర్లలో అక్షరాలు సరిగా పడ్డాయా లేదా చూస్తాను. అంతకు మించి ఈ వీడ్కోలు సభ వేదిక మీద నిలబడే అర్హత నాకు లేదు, కానీ స్వర్ణే పట్టుబట్టింది.

స్వర్ణ కంప్యూటర్లో గీసిన బొమ్మలు నెల్లూరులో ప్రదర్శనకు పెట్టినప్పుడు దానికి ‘స్త్రీ చూపు’ అని పేరు పెట్టారు. ఇన్నేళ్ళూ బొమ్మ గీసేవాడు మగవాడు, గీయించుకునేది ఆడది అయినందువల్ల లోకం అతను చూసినట్టే కనపడుతూ వచ్చిందని, కుంచె ఆడదాని చేతికొస్తే ఏం కనపడుతుందో చూడాలని మహాలక్ష్మి గారు ఇంతకుముందు వివరించారు. బాగానే అర్థమైంది. నేను చెప్పబోయేది అందులో చిన్న ముక్క. అది మా షాపు కంప్యూటర్లో ఒక ఫైలు.

మగమనిషి పోతే శ్రద్ధాంజలి ఫ్లెక్సీకి ఇంట్లోవాళ్ళు తెచ్చే ఫొటోలో ఆయన ఒక్కడే ఉంటాడు, తిన్నగా కెమెరాలోకి చూస్తుంటాడు. ఆడమనిషి పోతే, ఎవరి పెళ్ళి గుంపులోనో ఓ మూల నిలబడిన ఫొటో తెస్తారు. అందులో ఆవిడ పిల్లవైపో, పొయ్యివైపో, మనకు కనపడని ఇంకో దిక్కుకో చూస్తుంటుంది. ఆధార్ కార్డు ఫొటో ఉంది గదా అంటారేమో, దాన్ని ఫ్లెక్సీకి సరిపడా పెద్దది చేస్తే అందులో మనిషి మిగలదు. అందుకని, “కొంచెం ఇటు చూసేటట్టు పెట్టన్నా” అని అడుగుతారు. స్వర్ణకు ముందున్న డిజైనరు దీనికొక ఉపాయం కనిపెట్టాడు. తిన్నగా చూసే కళ్ళ జతను ఒక ఫొటోలోంచి కోసి దాచుకుని, అవసరమైన ప్రతి మొహానికీ అతికించేవాడు. ఆ ఫైలు పేరు ‘లేడీస్ కళ్ళు’. మగవాళ్ళకు అలాంటి ఫైలు లేదు, అవసరం రాలేదు.

స్వర్ణ పనిలో చేరిన కొత్తల్లో ఒక మధ్యాహ్నం, నేను కౌంటరు దగ్గర ఎవరివో ఇంటిపేర్లు దిద్దుతుంటే, “అక్కా, ఒకసారి తలెత్తు” అంది. ఎత్తాను. చాలాసేపు చూసి, స్క్రీను నా వైపు తిప్పింది. తెల్లటి తెర మీద మొహం లేకుండా రెండు కళ్ళు. ఎడమ కంటి కొసన పుట్టుమచ్చ.

అవి నావి. షాపు పెట్టిన కొత్తల్లో మా వారు కొత్త కెమెరా సరిచూసుకోవడానికి నన్ను నిలబెట్టి తీసిన ఫొటోలోవి. పొయ్యి మీద పాలున్నాయి, తొందరగా కానివ్వండి అని చూసిన చూపు అది. ఆ సాయంత్రం ఇంటికి పోతూ సెంటర్లో తలెత్తి చూస్తే, శ్రద్ధాంజలి ఫ్లెక్సీల్లో ఆడవాళ్ళందరికీ ఎడమ కంటి కొసన మచ్చ ఉంది. అందరూ దారినపోయేవాళ్ళను పాలు పొంగిపోతున్నట్టే చూస్తున్నారు.

(నవ్వులు)

నవ్వండి, నేనూ నవ్వాను. ఆ పైన కొన్నాళ్ళు ఆ దారిన పోవడం మానేశాను.

ఇక్కడే ఉన్న చిన్నపోలయ్య ఏమీ అనుకోడు కాబట్టి అతని సంగతి చెప్తాను. వాళ్ళమ్మ పేరమ్మ పోయినప్పుడు ఫ్లెక్సీ కోసం వచ్చాడు. ఫొటోలో పేరమ్మ పక్కకు చూస్తోంది.

“కళ్ళు ఇట్టా తిప్పు పాపా, అంతే. పెద్దకర్మ రేపే.”

“మీ అమ్మ ఏం చూస్తా ఉండాదన్నా ఈడ?”

“ఏం చూస్తే నీకేంది? పటానికి మొహం గావాల గాని చూపెందుకు?”

లోపల ప్రింటింగు మిషను దగ్గర నుంచి మా వారు, “స్వర్ణా, ఆ ఫైల్లోంచి తీసి పెట్టెయ్యమ్మా, ఎంతసేపు?” అన్నారు.

“అవి అక్క కళ్ళు సార్. ఎవుర్నడిగి పెట్టాల?”

“ఇంట్లో మనిషే గదా, ఎవుర్నడిగేదేంది?”

“నన్నడగాల” అన్నాను.

మిషను నడుస్తోంది. ఆయనకు వినపడిందో లేదో నాకు తెలియదు. ఇంకు మార్చాలని వెనక గదిలోకి వెళ్ళిపోయారు. ఆ మాట మళ్ళీ మా మధ్య రాలేదు.



స్వర్ణ మాత్రం చిన్నపోలయ్యను వదల్లేదు. ఫొటో ఎక్కడ తీశారు, ఆ పక్కన ఏముంది అని అడుగుతూ పోయింది. విసుక్కుంటూనే జవాబు చెబుతున్న మనిషి ఒకచోట ఆగి, గట్టిగా నవ్వేశాడు. “కాకి! ఇంటి ముందర ఇసక మింద ఎండుచేపలు ఆరబోసి ఉండాం. అందరం ఫొటోకి నిలబడితే కాకొచ్చి వాలింది. అరిస్తే ఫొటో చెడతాదని నోరు మూసుకోని, మా యమ్మ కళ్ళతోనే తోలతా ఉండాది.”

స్వర్ణ పెన్నుతో గీసే పలక ముందు కూర్చుంది. మర్నాడు ఫ్లెక్సీలో పేరమ్మ చూపు ఎటు ఉన్నదో అటే ఉంది, ఆ చూపు పోయే చోట ఇసుక, చేపలు, ఎత్తుకుపోవాలా వద్దా అని తల పక్కకు వాల్చిన కాకి. పెద్దకర్మకు వచ్చినవాళ్ళు నవ్వారు. పేరమ్మ కోడలు ఒక్కతే నవ్వలేదు, “నన్నూ అట్నే చూసేది” అంది. ఇప్పుడా ఫ్లెక్సీని ఎండుచేపల గంపల మీద కప్పుతున్నారు. కాకులు రావడం లేదా అని చిన్నపోలయ్యను అడిగాను. “ఎందుకు రావక్కా, వస్తా ఉండాయి” అన్నాడు.

అది చూసి బతికున్న ఆడవాళ్ళు రావడం మొదలుపెట్టారు, ఎవరి పాత ఫొటో వాళ్ళు పట్టుకుని, అందులో తాము చూస్తున్నదేదో గీయమని. పెళ్ళి ఫొటోలో సిగ్గుతో తల వంచుకుందని ఇంటిల్లిపాదీ ఇన్నేళ్ళూ మురిసిపోయిన పెళ్ళికూతురు నిజానికి చూస్తున్నది పెళ్ళికొడుకు కాలిగోళ్ళను, అవి పెళ్ళినాడు కూడా తీయించుకోలేదని. ఆయన ఈ సభలోనే ఉన్నారు. పేరు చెప్పను, చెప్పులు మాత్రం విప్పొద్దని మనవి.

(నవ్వులు, చప్పట్లు)

నా కళ్ళు అతికించిన పాత పటాలు ఎవరైనా తెస్తే మార్చి ఇస్తానని స్వర్ణ చెప్పింది. కొందరు తెచ్చారు. బిందు మాత్రం మార్చొద్దని అడగడానికి మా ఇంటికే వచ్చింది. వాళ్ళమ్మ చెంచమ్మ వెంకటాచలం దగ్గర పొలాల్లో నాట్లు వేసి, కలుపు తీసి బతికిన మనిషి. “మా యమ్మ నడుమెత్తి నా మొహంలోకి చూసింది లేదక్కా, ఎప్పుడూ పనే. పటంలో చూస్తా ఉండాది. ఆ కళ్ళు నీవైతే ఏమైంది, ఉండనీ” అంది. ఉండనీ అన్నాను. బిందు వెళ్ళాక నేను కాసేపు పని ముట్టుకోలేదు. తీసుకున్నందుకు కాదు నా బాధ, అడగనందుకని అప్పుడు తెలిసింది.

ప్రదర్శనలో చివరి బొమ్మ నాది. నేను పాలను చూస్తున్నానని స్వర్ణతో చెబితే, “పాలు వంటింట్లో ఉండాయక్కా, నువ్వు చూసింది ముందరుండే మనిషిని” అంది. గుర్తు తెచ్చుకుని చెప్పాను, గీసింది. బొత్తం ఊడిన చొక్కా వేసుకుని, నడుం వంచి, కెమెరా వెనక మొహం దాచుకున్న ఒక సన్నటి మనిషి. నా చూపంతా ఆ బొత్తం మీదే ఉండింది. నెల్లూరులో మా వారు ఆ బొమ్మ ముందు నిలబడి, వేసుకున్న చొక్కా బొత్తాలు తడిమి చూసుకున్నారు.

స్వర్ణా, నువ్వు లేకపోతే షాపులో మధ్యాహ్నాలు ఎలా ఉంటాయో నేను ఊహించి చెప్పలేను. అక్షరాలు ఎప్పటిలాగే దిద్దుతాను. నన్ను తలెత్తమని అడిగినదానివి నువ్వొక్కదానివే. కావలిలో భోజనం వేళకు చెయ్యి. రేపటి నుంచి నీ కుర్చీలో కొత్త అబ్బాయి కూర్చుంటాడు. ఆ ఫైలు ఇంకా అక్కడే ఉంది. తీసే హక్కు నీది కాదని నువ్వు తీయలేదు. నేను తీయనిది మౌసు పట్టడం రాక కాదు. ఇంతసేపు ఓపిగ్గా విన్న పెద్దలందరికీ…

(ముందు వరుసలోంచి నరేంద్రబాబు గారు లేచి, “కామాక్షీ, ఒక్క నిమిషం” అన్నారు.)

చెప్పండి.

(“ఆ ఫైలు… ఉంచమంటావా, తీసెయ్యమంటావా?” వెనక నుంచి ఒకామె: “వినపడలా అన్నా, గట్టిగా అడుగు!” నవ్వులు. ఆయన నవ్వకుండా గొంతు పెంచి, “నీ కళ్ళు. ఉంచమంటావా, తీసెయ్యమంటావా?” అన్నారు.)

తీసెయ్యండి. చెంచమ్మగారి పటంలోవి మాత్రం ఆమెవే.

(“సరే.”)

అందరికీ నా ధన్యవాదాలు. ఆయన అడగవలసింది ఈ రోజు అడిగారు, నేను చెప్పవలసింది చెప్పాను. మా ఇద్దరి మధ్య ఆ బాకీ చెల్లు. సెలవు.