ఆ బానెట్ నేనే చేశాను

నా వయసు నలభై ఏడేళ్ళు. బట్టల దుకాణాల్లో అద్దాల వెనక నిలబెట్టే ఫైబర్ బొమ్మలు చేయడం నా వృత్తి. ఇరవై ఆరేళ్ళుగా ఇదే పని. వీధిలో చిన్నా పెద్దా అందరూ నన్ను బొమ్మలక్క అని పిలుస్తారు. ఇంటి వెనకనున్న రేకుల షెడ్డే నా కార్ఖానా. ఇంట్లో నేనూ, నాకంటే ఎనిమిదేళ్ళు చిన్నదైన మా చెల్లెలూ ఉంటాం.

నా మీద వచ్చిన ఫిర్యాదును ఇన్‌స్పెక్టర్ గారు చదివి వినిపించారు. కారు విడిభాగాల దుకాణం యజమాని గోడౌన్ నుంచి పోయిన ఒక బానెట్‌నూ, ఒక డిక్కీ మూతనూ నేను దొంగిలించో, దొంగ సొత్తని తెలిసి కొనో మా చెల్లెలి కారుకు బిగించానని అందులో ఉంది. అది నిజం కాదు. ఆ రెండూ నేను చేశాను. ఎందుకు చేశానో, ఎలా చేశానో మొదటి నుంచి చెబుతాను.

మా చెల్లెలు డ్రైవింగ్ స్కూల్లో నేర్పిస్తుంది. నేర్చుకునేవాళ్ళు ఇండికేటర్ బదులు వైపర్లు వేస్తుంటే ఓపిగ్గా చూస్తూ, కాలు బ్రేకు మీద పెట్టుకుని వారమంతా ముప్పై వేగంతో తిరుగుతుంది. అలాంటి మనిషి రెండేళ్ళ కిందట పాత స్పోర్ట్స్ కారు ఒకటి కొనుక్కొచ్చింది. రెండు తలుపులది, ఎర్రది. ఇదేమిటే అని అడిగాను.

"వారమంతా బ్రేకు తొక్కుతున్నానక్కా. నెలకొక్క రోజు పక్క పెడల్ తొక్కుతా" అంది.

ఊరి బయట రేసు ట్రాక్ ఉంది. నెలలో మూడో ఆదివారం ఎవరైనా సొంత కారు తెచ్చుకుని అందులో నడుపుకోవచ్చు. పోటీ కాదు, బహుమతులుండవు. కానీ ఏ కారు ఎంతసేపట్లో చుట్టు తిరిగిందో బోర్డు మీద పడుతుంది. మొదటిసారి మా చెల్లెలి కారు నంబరు బోర్డులో అన్నిటికంటే కింద పడింది. రెండు నిమిషాల ముప్పై ఒక్క సెకన్లు. ఇంటికి వచ్చి అన్నం తినకుండా కారు చుట్టూ తిరిగింది. "ఇంజిన్‌లో లోపం లేదక్కా. ఒళ్ళే ఎక్కువ. మలుపు దగ్గర ఏనుగుని పక్కకి తిప్పుతున్నట్టుంది" అంది.

అప్పటి నుంచి సెలవు దొరికిన ప్రతి రోజూ ఆ కారులోంచి ఏదో ఒకటి ఊడదీయడమే మా పని. స్టెప్నీ, జాకీ తీశాం. పక్క సీటు తీశాం. పాటల పెట్టె, స్పీకర్లు, ఏసీ, తివాచీలు తీశాం. చప్పుడు వినిపించకుండా నేలకు అంటించిన తారు పలకల్ని ఉలితో గీకి గీకి తీశాను. అదొక్కటే నాలుగు రోజులు పట్టింది. తీసిన ప్రతిదీ నా షెడ్డులో బొమ్మలకు వాడే రెసిన్ జిగురు తూచే కాటా మీద పెట్టేవాళ్ళం. మొత్తం తొంభై నాలుగు కిలోలు. మా చెల్లెలు రాత్రిపూట అన్నం మానేసి తనూ నాలుగు కిలోలు తగ్గింది. అది నేను లెక్కలో వేయలేదు. ఇలా చేసిన కారును మేము రోడ్డు మీద నడపం. ట్రాక్ దాకా లాగుడు బండి మీద, అంటే కార్లను మోసే చిన్న లారీ మీద, ఎక్కించుకుని వెళ్తాం. ఇన్‌స్పెక్టర్ గారు అడిగారు కనుక చెబుతున్నాను.

ఇక తీయడానికి ఏమీ మిగల్లేదని మా చెల్లెలు దిగులుగా బానెట్ ఎత్తి పట్టుకుని నిలబడింది. ఆ బరువు దాని చేతులకు ఆగడం లేదు. అప్పుడు తట్టింది నాకు. దుకాణంలో పనిచేసే అమ్మాయి ఒక చేత్తో చీర సవరిస్తూ రెండో చేత్తో బొమ్మను ఎత్తగలగాలి. అంత తేలికగా లేకపోతే నా బొమ్మను ఎవరూ కొనరు. ఆరడుగుల మనిషిని ఏడు కిలోల్లో నిలబెట్టేదాన్ని, ఈ రేకు ముక్క నాకు ఒక లెక్కా అనుకున్నాను.

ఇనప బానెట్‌కు మైనం రుద్ది, దాని మీద అచ్చు తీశాను. ఆ అచ్చులో గాజుపీచు పరిచి, రెసిన్ పూసి, గాలి బుడగ మిగలకుండా రోలర్‌తో అదిమాను. మొదటిది పాడైంది. తేలికగానే వచ్చింది కానీ వేగం మీద గాలికి అప్పడంలా అల్లాడిందని మా చెల్లెలు చెప్పింది. రెండోదానికి లోపలి వైపు పక్కటెముకల్లాంటి గొట్టపు పట్టీలు వేశాను. పడుకున్న భంగిమలో ఉండే బొమ్మ నడుము వంగిపోకుండా వీపు లోపల వేసే పట్టీలే అవి. పద్దెనిమిది కిలోల బానెట్ ఆరున్నర కిలోలకు దిగింది. పదమూడు కిలోల డిక్కీ మూత నాలుగున్నరకు దిగింది. తీసినవన్నీ కలిపి నూట పద్నాలుగు కిలోలు.

"తలుపులు కూడా చేసెయ్యక్కా" అంది మా చెల్లెలు.

"తలుపుల్లో గుద్దుకుంటే కాపాడే ఇనప కమ్మీలుంటాయి. అవి ముట్టుకోను. నా బొమ్మలకైతే ఫర్వాలేదు. నువ్వు బొమ్మవి కాదు" అన్నాను. ఆ విషయంలో మళ్ళీ అడగలేదు.

పోయిన నెల మూడో ఆదివారం మా చెల్లెలు రెండు నిమిషాల ఇరవై రెండు సెకన్లలో చుట్టు తిరిగింది. విడిభాగాల దుకాణం ఆయన కూడా ఆ రోజు అక్కడే నడుపుతున్నారు. బయటి దేశాల నుంచి తేలికపాటి విడిభాగాలు తెప్పించి అమ్మడం ఆయన వ్యాపారం. ఆయన కారుకు ఉన్నవన్నీ అవే. ఆఖరి మలుపులో మా చెల్లెలు ఆయన్ని దాటింది. నేను గోడ పక్కన నిలబడి చూశాను. తర్వాత ఆయన మా కారు దగ్గరకు వచ్చి బానెట్ మీద వేలి కణుపుతో తట్టి చూశారు. ఎక్కడ కొన్నారని అడిగారు. మా అక్క చేసిందని మా చెల్లెలు చెప్పింది. ఆయన నా వైపు ఒకసారి చూసి నవ్వి వెళ్ళిపోయారు.

మూడు వారాల తర్వాత ఆయన గోడౌన్‌లో సరుకు సరిచూసుకుంటే మా కారు రకానికే సరిపోయే ఒక బానెట్, ఒక డిక్కీ మూత తక్కువ వచ్చాయట. ఎప్పుడు పోయాయో ఆయనకూ తెలియదు. మేము గుర్తుకొచ్చాం.

పోయిన మంగళవారం ఉదయం తొమ్మిదిన్నరకు ఇన్‌స్పెక్టర్ గారు, ఒక కానిస్టేబుల్, దుకాణం ఆయన మా ఇంటికి వచ్చారు. షెడ్డులో బొమ్మల మధ్య ఉన్న కారును చూశారు. దుకాణం ఆయన బానెట్ పైకెత్తి, ఇది బయటి దేశపు సరుకేనని, ఇంత పల్చగా, ఇంత గట్టిగా ఈ ఊళ్ళో చేసే మనిషి లేడని గట్టిగా చెప్పారు. మా చెల్లెలి మొహం ఎర్రబడింది. నాకు మాత్రం నవ్వు ఆగలేదు.

"ఎందుకమ్మా నవ్వుతున్నారు? మీ మీద దొంగతనం కేసు" అన్నారు ఇన్‌స్పెక్టర్ గారు.

దానికి జవాబు ఇప్పుడు చెబుతున్నాను. ఇరవై ఆరేళ్ళలో నా పని గురించి ఎవరూ అంత మంచి మాట అనలేదు. నా బొమ్మలు ఎన్ని వీధుల్లో నిలబడి ఉన్నాయో నాకే తెలియదు. వాటి ఒంటి మీది బట్ట ఎక్కడిదని అడుగుతారు. బొమ్మ ఎవరు చేశారని ఒక్కరూ అడగలేదు.

అచ్చు చూపించమన్నారు. చోటు చాలక అచ్చుల్నీ, పాడైన మొదటి బానెట్‌నూ పగలగొట్టేశానని చెప్పాను. పాత ఇనప బానెట్ చూపించాను. దాన్ని తీసి దీన్ని బిగించారంటున్నారు కదా, దానితో ఏం తేలుతుందన్నారు. ఆ మాట సబబే. నేను చేసిన బానెట్‌నూ, డిక్కీ మూతనూ స్వాధీనం చేసుకుని తీసుకెళ్ళారు.

బుధవారం సాయంత్రం దుకాణం ఆయన మళ్ళీ మా ఇంటికి వచ్చారు. ఆయన చెడ్డ మనిషి కాదు. కేసులంటూ తిరగడం తనకూ ఇష్టం లేదని, ఎవరో తెలియని మనిషి తెచ్చి అమ్మితే తెలియక కొన్నామని రాసిస్తే ఫిర్యాదు వెనక్కి తీసుకుంటానని, వస్తువులు కూడా మా దగ్గరే ఉంచుకోవచ్చని చెప్పారు. ఆలోచించుకోమని వెళ్ళారు.

మా చెల్లెలు నా ఎదురుగా కూర్చుంది. కేసు నమోదైతే డ్రైవింగ్ స్కూల్లో దాన్ని ఉంచరు. ఆ సంగతి నాకు తెలుసు.

"అక్కా, ఒక్క సంతకం. ఆదివారం కారు ట్రాక్ మీద ఉంటుంది. నా ఉద్యోగం ఉంటుంది. ఎవరు చేస్తే ఏంటి, మనకి తెలుసుగా" అంది.

"మనకి తెలిస్తే చాలదే. ఇన్నాళ్ళకి నేను చేసినదాన్ని ఒకడు కళ్ళు పెట్టి చూశాడు. దాన్ని ఎవడో దారినపోయేవాడు అమ్మాడని నా చేత్తో నేను రాయాలా?"

"జైల్లో కూర్చుని గొప్పలు చెప్పుకుంటావా?"

"చెప్పుకుంటా."

అది లేచి లోపలికి వెళ్ళిపోయింది. మేమిద్దరం మాట్లాడుకోకుండా ఉన్న సాయంత్రం నాకు తెలిసి అదొక్కటే. గురువారం పొద్దున నేను లేచేసరికి ఇనప బానెట్, రెసిన్ డబ్బాలు, గాజుపీచు చుట్ట అన్నీ లాగుడు బండిలోకి ఎక్కించి ఉన్నాయి. మా చెల్లెలు స్టీరింగ్ దగ్గర కూర్చుని ఉంది. "పద, వాళ్ళ ముందే చేసి చూపిద్దువుగాని" అంది. నేను ఇంకా ఆ మాట అననే లేదు.

మేము నేరుగా ఈ స్టేషన్‌కు వచ్చాం. మార్చేశామని ఎవరూ అనకుండా మీ కళ్ళ ముందే ఇంకొకటి చేస్తానని, చోటు ఇప్పించమని అడిగాను. ఇన్‌స్పెక్టర్ గారు వెనక వాహనాలు నిలిపే రేకుల పందిరి చూపించారు. దుకాణం ఆయనకు కూడా కబురు పెట్టారు.

గురువారం అచ్చు తీశాను. శుక్రవారం అందులో గాజుపీచు పరిచి, రెసిన్ పూసి, పట్టీలు వేశాను. మా చెల్లెలు సెలవు పెట్టి పక్కనే ఉండి రెసిన్ కలిపి అందించింది. కాపలా ఉన్న కానిస్టేబుల్ గారు ముక్కుకు గుడ్డ కట్టుకుని, "అమ్మా, ఈ వాసనకి లాకప్‌లో ఉన్నాయన చేసిందంతా ఒప్పుకునేలా ఉన్నాడు" అన్నారు. స్టేషన్ కిటికీలన్నీ మూసేశారు. దానికి క్షమించమని కోరుతున్నాను.

శనివారం ఉదయం పదకొండు గంటలకు అచ్చు నుంచి విడదీశాను. అంచుల్లో చెక్క మేకులు దింపి, అరచేత్తో చరుస్తూ వెళ్తే, ఒక చోట టప్పుమని చప్పుడొచ్చి మొత్తం ఊడి వస్తుంది. ఎన్ని వేల బొమ్మలు చేసినా ఆ చప్పుడుకు నా గుండె ఒకసారి ఆగుతుంది. ఊడి వచ్చింది. ఎక్కడా పగులు లేదు. స్టేషన్‌లో ఉన్నవాళ్ళందరూ అప్పటికి పందిరి కిందే ఉన్నారు. కాటా మీద పెడితే అయిదు కిలోల తొమ్మిది వందల గ్రాములు. రంగు వేయలేదు కనుక స్వాధీనంలో ఉన్నదాని కంటే తక్కువ.

దుకాణం ఆయన దాని పక్కన గొంతుక్కూర్చున్నారు. స్వాధీనంలో ఉన్న బానెట్‌ను బయటికి తెప్పించి, రెండింటినీ పక్కపక్కన బోర్లించారు. లోపలి పట్టీల మీద వేలు పెట్టి చివరిదాకా నడిపారు. ముందు ఒకదానిమీద, తర్వాత రెండోదానిమీద. డిక్కీ మూతను కూడా తిరగేసి అలాగే చూశారు. తర్వాత లేచి, చేతులు దులుపుకుని ఇన్‌స్పెక్టర్ గారితో, "ఇవి నావి కావు" అన్నారు. క్షమించమని నన్ను అడగలేదు. నేను కోరుకోనూ లేదు. ఆ మూడు మాటలు చాలు నాకు. ఆయన సరుకు ఎవరు తీశారో నాకు తెలియదు. దొరకాలనే కోరుకుంటున్నాను.

నిన్న ఆదివారం, రంగు లేని ఆ కొత్త బానెట్‌తోనే మా చెల్లెలు ట్రాక్ మీదకు వెళ్ళింది. పాత ఇనప డిక్కీ మూత పెట్టుకోవాల్సి వచ్చింది కనుక సమయం పెద్దగా తగ్గలేదు. అయినా కారు చుట్టూ జనం. ఎవరు చేశారని అడిగిన ప్రతివాళ్ళకూ మా చెల్లెలు వేలు పెట్టి నన్ను చూపించింది. నేను కూడా తల దించుకోలేదు.

ఈ రోజు సోమవారం, వస్తువులు తిరిగి ఇస్తామని పిలిస్తే స్టేషన్‌కు వచ్చాను. ఒక మనవి మాత్రం చేశాను. స్వాధీనం కాగితంలో 'విదేశీ తయారీ బానెట్, ఒకటి. విదేశీ తయారీ డిక్కీ మూత, ఒకటి' అని రాసి ఉంది. ఆ కాగితం అలాగే ఉంటే వాటిని తీసుకోనని చెప్పాను. వస్తువు మీ చేతికి వస్తుంటే కాగితంలో ఏముంటే ఏమిటమ్మా అని రైటర్ గారు అన్నారు. నేను కుర్చీలోంచి లేవలేదు. చివరికి ఇన్‌స్పెక్టర్ గారు తామే కలం తీసుకుని రెండు చోట్లా ఆ మాట కొట్టేసి, ఎవరి తయారీయో నన్ను అడిగి, నేను చెప్పినట్టే రాసి, పక్కన పొట్టి సంతకం చేశారు.

పైనున్నదంతా నా నోటి నుంచి వచ్చినదే. ఎవరూ బెదిరించలేదు, ఎవరూ నేర్పలేదు. చదివి వినిపించగా విన్నాను, నేను చెప్పినదానికీ రాసినదానికీ తేడా లేదు. ఇన్నేళ్ళ రెసిన్ పనికి నా బొటనవేలి గీతలు అరిగిపోయాయి, మూడుసార్లు నొక్కినా సిరా మచ్చే పడింది. అందుకని సంతకం కూడా చేస్తున్నాను.

(ఎడమ బొటనవేలి ముద్ర)

(సంతకం)
బొమ్మలక్క
బానెట్, డిక్కీ మూతల తయారీదారు