కువైట్‌కు ఎన్ని గంటలు?

అది రెండువేల మూడు. వరసగా మూడో ఏడు కూడా శెనక్కాయ పంట ఎండిపోయింది. గార్లదిన్నె బస్టాండు కాడ యేసన్న టీ అంగట్లో గురప్ప కూర్చున్నాడంటే టీ చల్లారేదే గాని మాట ఆగేది కాదు. పదేండ్ల కింద కువైట్ పోయొచ్చినానని ఆయన చెప్పడం, ఊరు వినడం మామూలే. ఆ పొద్దు మాత్రం ఓబమ్మ పనిగట్టుకొని వచ్చింది. ఇండ్లల్లో పనికని సోమవారం ఆమె కువైట్ పోతోంది.

"అన్నా, బొంబాయి నుంచి ఆడికి ఎంతసేపు? అనంతపురం బస్సుకే నాకు వాంతులైతాయి. ఎన్ని గంటలు కూచోవల్లో చెప్పు."

ఒకరు నిజంగా అవసరమై తనను అడగడం గురప్పకు కొత్త. కండువా సర్దుకున్నాడు.

"మామూలోళ్లకైతే ఆరు గంటలు మా. నేను పోయినప్పుడు మూడే. ఎందుకంటావా? దోవలో పైలట్‌కు కడుపునొప్పి లేసె. ట్రాక్టరు తోలినోడు ఎవడన్నా ఉండాడా అని అడిగిరి. నేను లేసినా."

"ట్రాక్టరా?" అన్నాడు యేసన్న.

"స్టీరింగు స్టీరింగే కదప్పా! గేరు మార్చి తొక్కినా సూడు, కింద సముద్రం మడకేసి దున్నినట్ల రెండు పాయలైపాయ. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఎదురుగా ఇంత లావు నల్లటి వాన మోడం. కిటికీలోంచి చెయ్యి పెట్టి మనూరి దిక్కుకు తోసినా. నడాన బళ్ళారోళ్లు పట్టేసుకొనిరి."

అంగట్లో నవ్వులు. ఓబమ్మ నవ్వలేదు. "అయితే మూడు గంటలేనా అన్నా?"

"యాడి మూడు! ఇంకా ఇను. సూర్యుడు నా ఎనకాల పడె. నేను ముందర, ఆయప్ప ఎనక. రొప్పి రొప్పి ఆయప్ప సముద్రం మీదనే నిలబడిపాయ. బొంబాయిలో పొద్దున ఎనిమిదికి ఎక్కినోణ్ణి, కువైట్‌లో దిగి గడియారం చూస్తే అదే పొద్దున ఆరు! ఆ దేశమోళ్లు ఇంకా నిద్రే లేయలా. నేనే లేపినా."

ఓబమ్మ వేళ్లు మడిచి లెక్క చూసుకుంది.

"అన్నా, ఆరుకే నువ్వు ఆడ దిగింటే, ఎనిమిదికి బొంబాయిలో ఇమానమెక్కినోడెవరు?"

అంగడంతా గొల్లుమంది. గురప్ప కూడా నవ్వబోయి, ఆమె మొహం చూసి ఆగిపోయినాడు. ఆమె ఎగతాళికి అడగలేదు.

"ఎవరూ ఎక్కలేదు మా," అన్నాడు.

కండువా తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"ఏజెంటు ఇచ్చింది దొంగ వీసా. బొంబాయిలో ఇమానమెక్కే గేటు కాడ్నే ఆపేసినారు. రెండు నెల్లు ఆ ఊర్లోనే గోడలకు సున్నం కొట్టి తిరిగొచ్చినా." యేసన్న గ్లాసు కడగడం మానేసి ఆయన వైపే చూస్తున్నాడు. "టికెట్టు మాత్రం నిజందే. శానాతూర్లు చదివించుకున్నా. ఎనిమిదికి లేస్తాది, పదికి దిగుతాది. ఆడి గడియారం మనకన్నా రెండున్నర గంట ఎనక. మొత్తం నాలుగున్నర గంటలు. అంతే."

ఓబమ్మ లేచి కొంగు బిగించుకుంది.

"ఇది నమ్ముతానన్నా," అంది.