పేరు లేని దుకాణం

ఏదీ, ఆ ఫోన్ ఇటివ్వు తాలీన్. నా కళ్ళజోడేదీ... ఆఁ, ముక్కు మీదే ఉంది, నవ్వకు. ఫోటో పెద్దది చెయ్యి. నువ్వు కాదమ్మా, నీ మొహం రోజూ చూస్తూనే ఉన్నాగా, నీ వెనకాల ఆ దుకాణం. మంగలి షాపుకీ పువ్వుల కొట్టుకీ మధ్యలోది. అదే. "తాతయ్యా, ఆ సినిమా వీధంతా బోర్డులే, దీనికొక్కదానికి పేరు రాయడం మర్చిపోయారా" అన్నావు చూడు, మర్చిపోలేదు. ఆ సినిమా పార్కు కట్టినవాళ్ళలో నేనూ ఒకణ్ణి, నాకు తెలీదా? కాఫీ చల్లారకముందే తాగు, చెప్తాను.

మిసాక్ అని ఒకడుండేవాడు. నువ్వు పాకే రోజుల్లోనే పోయాడు, నీకు గుర్తుండడు. నేను వడ్రంగిని, వాడు పెయింటరు. ఇద్దరం బీరూట్ యుద్ధంలోంచి పారిపోయి దేశం దాటి ఈ గ్లెండేల్ ఊళ్ళో వచ్చి పడ్డవాళ్ళమే. నేను పలకలు కొట్టి గోడ నిలబెడితే వాడు దానికి వయసు తెచ్చేవాడు. పొద్దున తెల్ల చెక్కగా ఉన్నది సాయంత్రానికి నూరేళ్ళ ఇటుక గోడ అయి కూర్చునేది, చెమ్మతో, పగుళ్ళతో సహా. కిటికీ కింద పావురాల రెట్ట కూడా వాడు వేసిందే. కొత్త సూపర్‌వైజరొకడు వచ్చి "ఛీ, ఇది కడిగించండయ్యా" అన్నాడు. కడగడానికెళ్ళిన వాడు గంటసేపు తోమి తోమి చేతులు నొప్పెట్టి తిట్టుకుంటూ వచ్చాడు. మిసాక్ మాత్రం "ఇంకొంచెం గట్టిగా తోము బాబూ" అంటూ నిచ్చెన మీద కూర్చుని సిగరెట్ కాలుస్తున్నాడు. అలాంటి కొంటెవాడు.

ఏం చెప్తున్నానూ... ఆఁ, పేర్లు. సినిమాల కోసం కట్టిన ఉత్తుత్తి దుకాణాలే అయినా బోర్డు మీద ఏదో పేరు ఉండాలిగా. మా పనివాళ్ళకి అదొక అలవాటు, ఇంట్లోవాళ్ళ పేర్లే రాసేవాళ్ళు. మా అత్తగారి పేరు నేను పళ్ళు పీకే డాక్టరు బోర్డు మీద రాయించాను. పాపం పోయేదాకా ఆవిడకి ఆ సంగతి తెలీదు, తెలిస్తే నా పళ్ళే పీకేది. మిసాక్ మాత్రం ఎప్పుడూ ఒక్క పేరే రాసేవాడు. షుషానిక్. వాళ్ళమ్మాయి. ఒక్కతే పిల్ల. బీరూట్‌లో రొట్టెల కొట్టు ముందు బారులో నిలబడ్డారట తండ్రీ కూతుళ్ళు, బాంబు పడింది, జనం ఒక్కసారిగా తోసుకొచ్చారు, చెయ్యి జారిపోయింది. అంతే. ఏ ఆసుపత్రిలోనూ లేదు, ఏ శవాల్లోనూ లేదు. బడిలో కూడా ఇంకా వెయ్యని పిల్ల.

మొదట్లో అది షుషానిక్ బొమ్మల కొట్టు. కొన్నేళ్ళకి వాడే చెరిపేసి పుస్తకాల కొట్టు అని రాశాడు. ఒక వసంతంలో నేను పనికెళ్ళేసరికి షుషానిక్ పెళ్ళిబట్టల దుకాణం అని ఉంది, బంగారు రంగు అక్షరాలు, అద్దం వెనకాల తెల్ల గౌను. ఆ రోజు అందరికీ మిఠాయి తెచ్చి పంచాడు, ఎందుకో చెప్పలేదు. మేమూ నోట్లో వేసుకుని ఊరుకున్నాం. ఆఖరికి పసిపిల్లల బట్టల కొట్టు అయింది. అంటే మిసాక్ తాతయ్యాడన్నమాట. ఆ బోర్డు మీదైనా.

వాళ్ళావిడ సిరానుష్‌కి ఇదంటే ఒళ్ళు మంట. ఈస్టరు మర్నాడు మన వాళ్ళంతా సమాధుల దగ్గరికెళ్తారా, ఏటా ఆ రోజు వాళ్ళింట్లో గొడవే. "అది పోయింది మిసాక్. చర్చిలో స్వామి చేత పోయినవాళ్ళలో దాని పేరు చదివిద్దాం, ఒక దీపం పెట్టుకోనీ నన్ను" అని ఆవిడ. "బతికున్నదానికి దీపమేమిటే, నీకు మతి పోయిందా" అని వీడు. ఒకసారి బతిమాలి ఆవిణ్ణి పార్కుకి తీసుకొచ్చి దుకాణం చూపించాడు. బయట చాలాసేపు నిలబడి చూసింది మనిషి. తర్వాత తలుపు తోసింది. ఏముంటుంది? ముందు గోడ పడిపోకుండా నేను కొట్టిన ఆనింపు కర్రలు, ఇసక బస్తాలు, అవతల ఎండ. "చూశావా, వెనకాల ఏమీ లేదు" అంది. ఇంకెప్పుడూ రాలేదు. ఇంటికెళ్ళిన వాళ్ళందరికీ కాఫీ కప్పు బోర్లింపించి, లోపల అంటుకున్న మడ్డి చూసి జాతకం చెప్పేది గానీ, తన కప్పు మాత్రం తాగగానే కడిగేసేది.

ఆ, తర్వాత ఒకరోజు ఆ వీధికి నిప్పంటుకుంది. ఎలా అంటుకుందో నాకు తెలీదు, తలో రకంగా అన్నారు. పొద్దున్నే పార్కు చుట్టూ తిప్పే మొదటి బండిలో వచ్చిన జనం, ఇది కూడా ఆటే అనుకున్నారు తల్లీ! అక్కడ రోజూ ఉత్తుత్తి భూకంపం, ఉత్తుత్తి వరద చూపిస్తారుగా. ఇళ్ళు భగభగా మండుతుంటే కూర్చుని చప్పట్లు కొట్టారు. డ్రైవరమ్మాయి ఏడుస్తూ బండి వెనక్కి తిప్పుతుంటే "భలే నటిస్తోందే" అన్నారట. తర్వాత మమ్మల్ని లోపలికి రానిచ్చేసరికి వీధి లేదు. ముక్కుకి గుడ్డ కట్టుకుని మిసాక్ ఆ బూడిదంతా కెలికాడు. ఒక్క అక్షరం దొరకలేదు. రోడ్డు పక్క అరుగు మీద కూలబడ్డాడు. ఆ వీధిలో నిజం సిమెంటుతో కట్టింది ఆ అరుగొక్కటే, అది మిగిలింది. దగ్గు పట్టుకుంది, మంచమెక్కాడు. సిరానుష్ పక్కన కూర్చుని "దేవుడే తీసేశాడు. ఇంక చాల్లే, పేరు చదివిద్దాం" అంది. వీడు గోడకేసి తిరిగి పడుకున్నాడు.

వీధి మళ్ళీ ఉన్నదున్నట్టు కడతామన్నారు. కానీ కాలం మారిపోయిందిగా, లాయర్లొచ్చారు. బతికున్న మనిషి పేరు బోర్డు మీద ఉంటే ఆ మనిషి సంతకం పెట్టాలట, రేపు ఎవరూ కోర్టుకెక్కకుండా. ఆ పేరుతో బతికున్నవాళ్ళు లేకపోతే ఏ గొడవా లేదు. మా అత్తగారు పోయింది గనక దర్జాగా పళ్ళ డాక్టరుగా మళ్ళీ వెలిసింది. నేను పరుగెత్తుకెళ్ళి మిసాక్‌కి చెప్పాను. "ఒరే, లాయరు పిల్ల వస్తోంది. ఆ పేరుతో ఎవరూ లేరని చెప్పు, బోర్డు వచ్చేస్తుంది." వాడు పక్క మీద లేచి కూర్చున్నాడు. "చెప్తాలేరా బెద్రోస్. ఒక్క మాటేగా. బోర్డుండాలి. మా పిల్ల వస్తే ఎక్కడని వెతుక్కుంటుంది?" అన్నాడు.

ఆ పిల్ల వచ్చింది. మంచి పిల్లే, సోఫా అంచున కూర్చుని నెమ్మదిగా అడిగింది. "షుషానిక్ అనే పేరుతో మీకు తెలిసిన మనిషి ఎవరైనా బతికున్నారా సార్?" మిసాక్ నోరు తెరిచాడు. పెదవులు కదులుతున్నాయి, మాట రావడం లేదు. నేను కళ్ళతో సైగ చేస్తున్నాను, చెప్పరా, చెప్పు. అప్పుడు వెనకనుంచి, కాఫీ పళ్ళెం పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ సిరానుష్, "ఉంది" అంది. "మా అమ్మాయి."

లాయరు పిల్ల మొహం వికసించింది. "అయితే మంచిదేగా మేడమ్, ఆవిడ సంతకం ఒకటి కావాలి. ఎక్కడుంటారు?" అంది. "వస్తుంది. వచ్చాక పెడుతుంది" అంది సిరానుష్. "మరి అప్పటిదాకా బోర్డు ఖాళీగా ఉంచాల్సొస్తుందండీ." "ఉంచండమ్మా. కాఫీ తీసుకో, చల్లారిపోతుంది."

పిల్ల వెళ్ళగానే మిసాక్ విరుచుకుపడ్డాడు. "ముప్పై ఏళ్ళుగా పోయింది పోయింది అని నన్ను కాల్చుకు తిన్నావు! ఇవాళ బోర్డు కోసం నేనొక్కసారి లేదంటానంటే నీకేం వచ్చిందే?" అరుస్తూనే దగ్గుతున్నాడు. ఆవిడ వాడి వీపు నిమురుతూ ఏమందో తెలుసా? "నేను పోయిందన్నప్పుడల్లా నువ్వు కాదనేవాడివి. ఆ ధైర్యంతోనే అనేదాన్ని. నువ్వే లేదంటే ఇంక కాదనడానికి ఎవరున్నారు?"

...

బోర్డుకి తెల్ల రంగు వాడే వేశాడు, దగ్గు తగ్గాక. ఓపికున్నన్నాళ్ళూ ఏటా వెళ్ళి వేసొచ్చేవాడు, అక్షరాలు ఎప్పుడు రాయాల్సొస్తుందో అని. ఇద్దరూ పోయారు ఇప్పుడు. ఏదీ, ఇంకొంచెం పెద్దది చెయ్యి. రంగు కొత్తగానే ఉంది కదూ? నేనా! ఈ మోకాళ్ళతో నిచ్చెనెక్కుతానా? ఎవరో వేస్తున్నారు, పెయింటర్లలోనే ఎవరో.

తాగేశావా? కప్పు కడక్కు. బోర్లించి అక్కడ పెట్టు. నాకు చూడ్డం రాదులే, అయినా బోర్లించు.