మణికట్టు మీది మచ్చలు

తొంభై రెండు ఎండాకాలం. గద్వాల దవాఖానలో కరెంటు పోయింది. మధ్యాహ్నం దాకా రోగులను చూసి అలసిన డాక్టరు కుర్చీలో వెనక్కి వాలాడు. ఎదురుగా మగ్గం నేసే మనిషి నిలబడి ఉన్నాడు. అతని భార్య లోపల మంచం మీద ఉంది.

“కూసోవయ్యా. ఆమెకు పట్టింది దయ్యం కాదు. రోగాలతోని కొట్లాడాల్సిన బలమే ఎదురు తిరిగి సొంత ఒంటిని కొడుతుంది. మొదలు కీళ్ళను కొట్టింది, ఇప్పుడు మెదడును.”

“గిదేందో ముందుగల్లనే చెప్పకపోతిరి సారూ?”

“నువ్వు చెప్తే గద! నాతోని కీళ్ళ నొప్పులన్నవ్, పిచ్చి మాటల సంగతి దాచినవ్. కర్నూలు మనసు డాక్టరుకేమో పిచ్చి చూపెట్టి, నొప్పులు దాచినవ్.”

“ఊర్ల ఇజ్జత్ పోతదని ఈడ చెప్పలే. ఆయనకు కీళ్ళతోని ఏం పని అనుకున్న.”

“నిన్న ఆయనా నేనూ ఒక్కకాడ కూసున్నంకనే తెలిసింది. ఇద్దరం కలిసి మందు రాసినం.”

“నన్ను గుర్తు పడ్తదా సారూ?”

“పడ్తది. జర ఓపిక పట్టు.”

డాక్టరు కళ్ళు నలుపుకున్నాడు. ఇంకొక్కటి అడిగితే ఇంటికి పోవచ్చు.

“చెంపల మీది ఎరుపు ఈ జబ్బుదే. మణికట్ల చుట్టూ గీసినట్టున్న మచ్చలే మా ఇద్దరికీ అంతుపట్టలే. అవెప్పుడు లేచినయ్?”



“అవి జబ్బువి కావు సారూ. ఊకె బయటికి ఉరుకుతుండె, కట్టేసిన. తాడైతే ఒరుసుకుంటదని పట్టు నూలు పేని కట్టిన. మెత్తగుంటదనుకున్న.”