చాంబర్ బోల్టు

మహబూబాబాద్ స్టేషన్ దారిలో సక్రు మెకానిక్ షెడ్డు. శనివారం పొద్దున. సక్రు ఒక తెల్ల అంబాసిడర్ కింద పడుకొని ఉన్నాడు. దాని యజమాని, డోర్నకల్‌లో పూజాసామాన్ల దుకాణం నడిపే కరుణాకర్, పక్కన స్టూలు మీద కూర్చున్నాడు.

"మళ్ల చెప్పు సక్రూ. కొత్త బోల్టు ఎయ్యకుంటె ఏమయితది?"

"ఏమయితది, ఇంజన్ నూనె కారుతది. బోల్టు మరలు అరిగినయి, అది పట్టే నూనె చాంబర్ మరలు సుత అరిగినయి. వేలుతోని తిప్పితె ఊడొచ్చింది. ఎదురుంగనే దుకాణం ఉన్నది కరుణాకరన్నా, పోయి కొనుక్కరా."

"ఇయ్యాల శనారం."

"అయితేంది, దుకాణం తెరిచే ఉన్నది."

"దుకాణం సంగతి కాదు తమ్మీ. శనారం ఇనుము కొనొద్దు, నూనె కొనొద్దు. మా తాతల కాడికెల్లి ఉన్నది."

"నువ్వు కూసున్న స్టూలు ఇనుముదే. నా మీద ఉన్న బండి పదకొండు కింటాళ్ల ఇనుము."

"బండి బుధవారం కొన్నం."

"సరే, బోల్టు నేనే ఉట్టిగ ఇస్త. కొనుడు లేదు, అమ్ముడు లేదు."

"శనారం ఇనుము ఉట్టిగ తీసుకుంటె దానం పట్టినట్టు. నీ శని మొత్తం నాకొస్తది."

"అయితె ఒకటి కాదు, రెండు తీసుకో."

"నవ్వకు. సందేహాలు నాకూ ఉంటయి. శుక్రారం కొన్న బోల్టుకు ఒక గుణం, శనారం కొన్నదానికి ఒక గుణం ఎట్లొస్తదని మా నాయిననే అడిగిన. అడుగుడు అడుగు కొడుకా, కని కొనకు అన్నడు."

"మంచిగనే చెప్పిండు. మరి బండి ఈడనే ఇడిసిపెట్టు. సోమారం కొని ఏసుకుందాం."

"సోమారం హన్మకొండ నుంచి ఒకాయన వస్తుండు."

"ఏం పని మీద?"

"బండి కొన్నీకె."

"ఈ బండినా?"

"పానా కింద పడేసినవ్, తీసుకో."

"పానా సంగతి ఇడువు. పాతికేండ్ల బండి, అమ్ముతవా?"

"ఇంక అమ్మలె. రేపటి మీద ఉన్నది. మీ వదిన యమున పొద్దుగాలనే వాకిలి ఊడ్చి, పేడనీళ్ల సాన్పి చల్లి, ముగ్గేస్తది. నేను లేచి బండి తీసేవరకు ముగ్గు నడుమ నల్లగ నూనె చుక్క. కొంగుకు సుత అదే మరక. నాలుగు నెల్ల సంది ఇదే లొల్లి. పోయిన ఐతారం తెగేసి చెప్పింది, వాకిట్ల నా ముగ్గన్న ఉండాలె, నీ బండన్న ఉండాలె అని. నేను దేవుని పటం ముంగట మాటిచ్చిన. రేపు కాళేశ్వరం పోయొచ్చేదాంక ఒక్క చుక్క కారకుంటె బండి మనది. కారితె సోమారం తాళంచెయ్యి ఆయన చేతుల పెడత."

"వదిన ఏమన్నది?"

"పటం కింద నూటపదార్లు పెట్టింది. కాళేశ్వరం ముడుపు కావచ్చు."

"బస్సుల పోరాదు అన్నా? భూపాలపల్లి దాంక ఒకటి, ఆడికెల్లి ఇంకోటి."

"మీ వదినకు మోకాళ్ల నొప్పులు. వానకాలం సంది. డాక్టరు మెట్లెక్కొద్దన్నడు, కింద కూసోవద్దన్నడు. ఈ బండి ముంగటి సీటు బల్ల లెక్క ఉంటది గద, కాళ్లు సాపుకొని కూసుంటది. వేరే ఏ కార్ల కూసోలేదు."

"బండంటె కోపమంటివి?"

"కోపం బండి మీద. సీటు మీద కాదు."

"అన్నా, ఇత్తడి కొనొచ్చునా శనారం?"

"ఇత్తడి... ఇత్తడికి ఏం చెప్పలె మా నాయిన."

"ఇగ అయిపాయె. సోమనర్సయ్య కాడ లేత్ మిషను ఉన్నది, ఇత్తడి కడ్డీ ముక్క సుత ఉంటది. చాంబర్ బొక్కకు జర పెద్ద మర కోస్త. దానికి సరిపోయేటట్టు ఇత్తడి బోల్టు తయారు చేపించుకొస్త. ఇత్తడి మెత్తగుంటది. రేపు అరిగితె బోల్టే అరుగుతది, చాంబర్‌కు ఏం కాదు."

"మర కోస్తె ఇనుప పొడి లోపల పడదా?"

"కోసేదానికి గ్రీజు పూస్త. పొడి దానికే అంటుకుంటది."

"మరి నూనె?"

"వానకాలంల పోసిందే. బకీట్ల పట్టిన సూడు, మంచిగనే ఉన్నది. గుడ్డల వడగట్టి మళ్ల అదే పోస్త."

"నువ్వు మెకానిక్‌వి కావలసినోనివి కాదు సక్రూ, పంతులువి కావలసినోనివి."

"పంతులు సంగతి తర్వాత. ముందుగాల ఈ పాత బోల్టు పట్టుకొని సూడు. మూలలన్ని గుండ్రమైనయి. ఇవి పానా గుర్తులు కావు. పటుకారు పండ్లు."

"పటుకారా? ఎవడు పెట్టిండు?"

"ఎవలో గని ఒక్కనాటి పని కాదు. కొన్ని గీతలు పాతయి, కొన్ని నిన్న మొన్నటియి. రోజూ జరంత, రోజూ జరంత బిగిచ్చిండ్రు. బిగిచ్చి బిగిచ్చి మర తెగింది. తెగినకొద్ది కారుడు ఎక్కువైంది."

"రోజూ నా బండి కింద దూరేటంత పని లేనోడు డోర్నకల్‌ల ఎవడున్నడు? నా మీద పగున్నోడు ఎవడన్న..."

"పగున్నోడు ఇప్పుతడు అన్నా. వీళ్లు బిగిచ్చిండ్రు."

"ఆగు, యమున ఫోను. స్పీకర్ల పెడత... ఆ, చెప్పు."

"అయ్యిందా బండి?"

"కాలె. ఎవడో పటుకారుతోని రోజూ బోల్టు బిగిచ్చి మర తెంపిండంట."

"ఏంది, మళ్ల చెప్పు."

"యమునా? ఇనబడుతుందా?"

"ఇనబడుతుంది. బిగిస్తె తెగుతదా?"

"వదినా, నేను సక్రును. ఎక్కువ బిగిస్తె తెగుతది."

"నువ్వే గద సక్రూ అన్నది. చుక్క కనబడితె జర బిగియ్యాలె అని, బోనాలప్పుడు ఆయనకు చెప్తుంటె ఇన్న."

"ఒక్కపారి బిగియ్యుమన్న వదినా. రోజూ అనలె."

"నేను రోజూ అనుకున్న. బీపీ గోళీలు రోజూ ఏసుకుంటలేమా?"

"యమునా, నువ్వా? నువ్వు బండి కిందికి దూరినవా?"

"ముగ్గెయ్యక ముందు. గోనెసంచి పరుసుకొని."

"గా మోకాళ్లతోని?"

"మరి మోకాళ్లు ఉట్టిగనే నొస్తున్నయనుకున్నవా?"

"డాక్టరు అడిగితె చెప్పకపోతివి గద."

"ఏమని చెప్పాలె? బండి కింద పండుకుంటున్న అనా? నువ్వు పక్కనే ఉంటివి."

"ముగ్గన్న ఉండాలె, బండన్న ఉండాలె అన్నది నువ్వే."

"కోపమొస్తె అంట. పప్పుల ఉప్పెక్కువైన నాడు నువ్వు ఏమంటవో నేను పటం ముంగట పెట్టిన్నా? నువ్వు మాటిచ్చినకాడికెల్లి భయమయ్యి ఇంక గట్టిగ బిగిచ్చిన."

"వదినా, గందుకే తెగింది."

"నువ్వు ఊకో సక్రూ. మంచిగ బిగియ్యి నువ్వన్న."

"ఇత్తడి బోల్టు ఏస్తుండు యమునా. మంచిగనే ఉంటదంటుండు. కని మాట మాటే. రేపు చుక్క కారిందనుకో, సోమారం ఆయన వచ్చి..."

"కారినా కారకున్నా హన్మకొండాయన రాడు. బేస్తారం నాడే ఫోను చేసి చెప్పిన, బండి అమ్ముడుపోయిందని."

"దేవుని ముంగట మాటిచ్చినంక అబద్ధమాడుతవా?"

"అబద్ధమెందుకైతది? పటం కింద నూటపదార్లు సూడలేదా?"

"సూసిన. ముడుపు గదా అది."

"ముడుపు కాదు, బండి పైసలు. నేనే కొన్న. పరేషాన్ కాకు, శనారం కాదు, బేస్తారమే కొన్న."