వెనక వరసలో ఏసన్న

ఫిల్మ్‌నగర్‌లో ఒక ఫంక్షన్ హాలు. ముందు పెళ్లి జరుగుతోంది. వెనక, గిన్నెలు దించే చోట, ఇరవై ఏళ్లుగా సినిమాల్లో గుంపులో నిలబడే ఏసుకుమార్, కేటరింగ్‌లో వడ్డించే నాగసాయిని పట్టుకున్నాడు.

“మూసేస్తున్నాను నాగసాయీ. మెంబర్‌షిప్పు, యూట్యూబ్ ఛానలు, అన్నీ. అందరికంటే ముందు నీకు చెబుదామని వచ్చాను.”

“ఏందన్నా గట్లంటవ్? జర పక్కకు జరుగు, సాంబారు మీద వడ్తది.”

“జరిగాను. మాట మార్చకు. నెలనెలా మీరు యాప్‌లో కట్టడం, నేను తీసుకోవడం, ఇక చాలు. ఊరికే తీసుకోవడం పాపం అంటుంది మా ఆవిడ మేరీ.”

“అక్క అన్నదా?”

“అనలేదు. అంటుంది.”

“ఊకెనా? ఏ సినిమాల ఏడ నిలబడ్డవో చెప్తవ్ గదా. పెండ్లి సీను, మూడో వరస, ఎర్ర చొక్కా. మేం ఎతుక్కుంటం.”

“ఆ వీడియో కట్టనివాళ్లకీ వస్తుందయ్యా! అసలు నువ్వెందుకు కడుతున్నావు?”

“ఊకె.”

“ఊరికే ఎవడైనా కడతాడా?”

“అన్నా, పన్నెండేండ్ల సంది వడ్డిస్తున్న. జూబ్లీహిల్స్‌ల నేను పోని బంగ్లా లేదు. ఒక్కడన్న నా మొఖం జూసిండా? గంటె జూస్తరు, గంతే. నీ వీడియోలు జూసినంక మా బిడ్డ అడిగింది, ‘డాడీ, నువ్వు వడ్డించిన పెండ్లి వీడియోల నువ్వేడున్నవ్’ అని. ఇద్దరం కూసోని గంటసేపు ఎతికినం. దొరికిన.”

“దొరికావా?”

“మోచెయ్యి దాక.”

“మోచెయ్యేనా!”

“మోచెయ్యేనన్నా. దానికే నా బిడ్డ ఎగిరి గంతేసింది. గా దినమే మెంబర్ అయిన.”

“...సరే. అది సరే. మరి పోయిన శుక్రవారం సినిమా చూశావా?”

“ఏ సినిమా?”

“ఏ సినిమా అంటావేంటి? నేనున్నది! మీ ఎర్రగడ్డలోనే ఆడుతోంది.”

“గా సినిమానా... పెండ్లిండ్ల సీజన్ గదన్నా. టైం దొరకలే.”

“తెలుసులే. అంతకుముందు సినిమాకి మాత్రం దొరికింది. హీరో తల్లి చచ్చిపోయి, పాడె వెనక నేను తలకాయ వంచుకుని నడుస్తుంటే, ‘ఏసన్నా!’ అని ఈలలు. అక్కడ హీరో గుండెలు బాదుకుంటున్నాడు, ఇక్కడ హాలంతా ఒకటే నవ్వు.”

“నేనే మొదలువెట్టిన.”

“నీ ఈల నాకు తెలీదా! డైరెక్టర్ మండిపడ్డాడు. ఏజెంటు శ్రీకాంత్ మూడు నెలలు పిలవలేదు. ‘జనం గుర్తుపడితే ఇక నువ్వు గుంపులో మనిషివేంటి? ఇంకో సినిమా రావాల్సి ఉంది. అందులోనూ ఈలలు పడ్డాయా, నీకిక ఈ పని లేదు’ అన్నాడు. ఈ పని తప్ప నాకేం వచ్చు?”

“తప్పైందన్నా.”

“తప్పంటావేంటి? అన్ని తిట్లు తిన్నా, ఇంటికెళ్లి మేరీకి ఆ ఈల వేసి చూపించాను. ఇరవై ఏళ్లలో నన్ను పేరు పెట్టి పిలిచిన హాలు అదొక్కటే.”

“మరి శుక్రవారం ఏమాయె?”

“లైట్లు ఆరాక వెళ్లి ఆఖరి వరసలో కూచున్నాను. ముందు నలభై మంది దాకా ఉన్నారు. నేనొచ్చాను, పోయాను. ఒక్కడు కిక్కురుమంటే ఒట్టు! నా సీను అవగానే లేచొచ్చేశాను.”

“మంచిదే గదా?”

“మంచిదే. శ్రీకాంత్ నిన్న ఫోన్ చేశాడు, సోమవారం షూటింగుకి రమ్మని. ఎగిరి గంతెయ్యాలి కదా? ఏడుపొచ్చింది నాగసాయీ. మీరంతా నన్ను వదిలేశారు. అభిమానంతో కట్టారు, తీసుకున్నాను. ఇప్పుడేం మొహం పెట్టుకుని తీసుకోను?”

“సోమవారం పక్కానా? పిలిచిండా నిజంగ?”

“పిలిచాడన్నాగా. ఏంటి, కళ్లు తుడుచుకుంటున్నావు?”

“ఉల్లిగడ్డలు.”

“ఇక్కడ ఉల్లిపాయలెక్కడున్నాయి?”

“అన్నా, కోపం జేయొద్దు. శ్రీకాంత్ బెదిరించిందంత మేరక్క ఫోన్ జేసి చెప్పింది నాకు.”

“మేరీయా? ఎప్పుడు?”

“సినిమాకు ముందుగాలనే. మెంబర్లందరికి నేనే చెప్పిన. వరంగల్ కెల్లి గూడ వచ్చిండ్రు. నీ ముందట కూసున్న నలభై మంది మనోళ్లేనన్నా. నువ్వు తెర మీదికి రాంగనే నలభై మందిమి నోట్ల కర్చీఫులు కుక్కుకున్నం.”