ఆఫీసు వరండాలో సంగటి

తొమ్మిది రోజులుగా జడివాన. మారికుప్పం లైన్లలో గని కూలీల రేకుల ఇళ్ళన్నీ కారుతున్నాయి గాని, మునిలక్ష్మమ్మ ఇల్లు మాత్రం చోటు చూసుకుని మరీ సరిగ్గా పొయ్యి మీదే కారుతోంది. వానలకు ముందునుంచే మూడు అర్జీలు పెట్టింది, జవాబు లేదు. నాలుగోసారి కాగితం పట్టుకుపోలేదు, పొయ్యినే పట్టుకుపోయింది. గని సర్కారువారిదైన కొత్తలో, ఇళ్ళ మరమ్మతులు చూసే ఆఫీసు వరండాలో, ఒక మధ్యాహ్నం పూట జరిగిన మాటలివి.

“ఆర్పమ్మా! ముందు ఆ పొయ్యి ఆర్పు!”

“ఉడుకు పట్టింది సుబ్బరాయప్పా. ఇప్పుడు ఆర్పితే సంగటి ఉండలు కడతాది.”

“ఆఫీసమ్మా ఇది! పొగంతా నా బల్ల మీదికే వస్తా ఉండాది. కాగితాలన్నీ ఉలవచారు వాసన!”

“మంచిదే గదా. నా అర్జీలు మూడూ ఆ బల్ల మీదనే ఉండాయి. వాటికైనా కొంచెం వాసన తగలనీ.”

“చూడు మునిలక్ష్మమ్మా, నేను గుమాస్తాని. నా చేతిలో ఏముండాది? పైనోళ్ళు చెప్తే...”

“పైనోళ్ళకేమి, వాళ్ళ నెత్తిన కారదు.”

“ఇంటికి పోయి వొండుకోరాదా తల్లీ?”

“యాడ వొండేది? కట్టె పెడితే బుస్సుమంటాది. ఊదీ ఊదీ కండ్లు పోయినాయి గాని మంట రాలే. గొడుగు పట్టుకొని గూడా వొండి చూసినా. ఒక చేత్తో గొడుగు, ఒక చేత్తో కట్టె. సంగటి గెలకాలంటే రెండు చేతులు గావాలప్పా. నీకేం తెలుసు, కూచుంటే పళ్ళెంలోకి వస్తాది.”

“పక్కింట్లో అడిగి...”

“పక్కింట్లో ఒక పొయ్యి, తొమ్మిది నోర్లు. ఎన్ని దినాలని అడిగేది? మా ఆయన గని లోపల ఉడికిపోయి, పైకొచ్చి వానలో నానిపోయి ఇంటికొస్తే నేను పెట్టేదేమి? బొరుగులు. తొమ్మిది దినాలుగా బొరుగులు, బెల్లం, చల్లటి నీళ్ళు. రాత్రంతా దగ్గు. కట్టుకున్నోడికి వేడిగా ఒక ముద్ద పెట్టలేకపోతే నేనెందుకప్పా ఆ ఇంట్లో?”

“అమ్మా, ఆర్పు అంటా ఉండా గదా.”

“గనిని సర్కారు తీసుకొన్న దినం ఈ వరండాలోనే లడ్లు పంచినారు, జ్ఞాపకముండాదా? తెల్లదొరలు పోయినారు, ఇంగ గని మీదే, అని మైకులో అరిచినారు. గని మాదైతే వరండా మాది కాదా? మా వరండాలో మేము వొండుకుంటా ఉండాం.”

“అది మాటవరసకి అన్నారమ్మా!”

“నేను నిజమని విన్నా. తప్పు నాదా?”

“పెద్ద సారు జీపులో బయటికి పోయినాడు. ఇప్పుడో ఇంగాసేపటికో వచ్చేస్తాడు. చూస్తే నా ఉద్యోగం పోతాది.”

“రానీ. ఆయనతోనే నాకు పని. చారులోకి, నువ్వు ఆ ఎర్రగడ్డ ఇట్ల అందుకో.”

“నేనా?”

“నువ్వే. ఊరికే నిలబడుకొని ఉండావు గదా.”

“ఇదో... తెల్లగడ్డ గూడా కావల్నా?”

“కావల్ల. దంచి ఇయ్యి. నీ మొఖం చూస్తే నీకూ ఆకలైనట్టుండాది.”

“పొద్దున్నుంచి కాఫీ నీళ్ళే... అది వదిలెయ్. అమ్మా, నా మాట విను. పెద్ద సారును ఏమైనా అడుగు, రేకు సంగతి మాత్రం అడగబాక.”

“ఎందుకు?”

“ఊరికే చెప్తా ఉండా.”

“ఊరికే ఎవురూ చెప్పరు. ఎందుకు అడగగూడదు?”

“అడగొద్దంటే అడగొద్దు.”

“ఓహో.”

“ఏం ఓహో?”

“మా లైన్లో నంజుండప్ప చెప్పినాడు, పోయిన నెల లారీలో కొత్త రేకులొచ్చినాయంట. అందరికన్నా ముందు అర్జీ పెట్టింది నేను. నా రేకు యాడికి పోయిందప్పా?”

“యాడికో పోయింది.”

“యాడికో అంటే? అమ్ముకొన్నావా?”

“అమ్మా!”

“రాబర్ట్‌సన్‌పేట బజారులో అమ్ముకొన్నావు. నా పొయ్యి మీది రేకు అమ్ముకొని, ఈడ కూచొని నన్ను పొయ్యి ఆర్పమంటా ఉండావు.”

“పద్దెనిమిదేండ్లుగా ఈ బల్ల కాడ కూచున్నా. ఒక మేకు గూడా ఇంటికి తీసకపోలే. ఆ మాట మాత్రం అనొద్దు నన్ను.”

“నిన్ను అనకపోతే ఇంగెవుర్ని అనేది? సరే, పెద్ద సారు రానీ. ఆయన ముందరే తేల్చుకుంటా.”

“అదో, షిఫ్టు అయిపోయినట్టుండాది, మీ ఆయనే వస్తా ఉండాడు. మారప్పన్నా! ఓ మారప్పన్నా, ఇట్ల రా! వచ్చి నీ పెండ్లానికి నువ్వే చెప్పు!”

“ఏంది లక్ష్మీ ఇది? నీ పెండ్లాం ఆఫీసులో పొయ్యి పెట్టిందని దోవంతా చెప్తా ఉండారు. నేను నమ్మలే.”

“ఇప్పుడు నమ్ము. తల తుడుచుకో. కూచో, ముద్ద వేడిగా ఉండాది.”

“నాకు ఆకలి లేదు. లే, ఇంటికి పోదాం.”

“తొమ్మిది దినాలుగా ఇదే మాట. ఆకలి లేదు, ఆకలి లేదు. ఎనిమిది గంటలు బండ కొట్టినోడికి ఆకలి ఎట్ల లేకుండా పోతాది?”

“మారప్పన్నా, నన్ను దొంగని చేసింది మీ ఆమె. రేకు అమ్ముకొన్నానంట. నువ్వు చెప్పొద్దు అంటివి, నోరు మూసుకొని పడినా. ఇంగ నావల్ల కాదు.”

“ఏం చెప్పొద్దన్నావు?”

“ఏం లేదు లక్ష్మీ.”

“సుబ్బరాయప్పా, ఏం చెప్పొద్దన్నాడు?”

“రేకు ఇచ్చేసినా తల్లీ. నీ అర్జీకే ఇచ్చినా. మీ ఆయనే నెత్తిన పెట్టుకొని మోసకపోయినాడు.”

“లక్ష్మీ...”

“యాడికి మోసినావు?”

“నువ్వు ముందు కోపం తెచ్చుకోకుండా...”

“యాడికి మోసినావు?”

“గురువమ్మ ఇంటికి.”

“పై లైన్లో, పిల్లప్ప పెండ్లాం గురువమ్మా?”

“ఆమే. పొయ్యి మీది రేకు తుప్పు పట్టి రాలిపోయింది. పోయిన ఏడు పిల్లప్ప చచ్చిపోయినాడు గదా, గని రిజిస్టర్లో పేరు కొట్టేసినారు. ఇంగ ఆ ఇంటికి ఎవురూ మరమ్మతు చెయ్యరు.”

“పేరు కొట్టేస్తే వాన పడకుండా పోతాదా?”

“నేనూ అదే అనుకొన్నా.”

“అనుకొన్నోడివి నాకు ఎందుకు చెప్పలే?”

“చెప్తే ఇయ్యనిస్తావా?”

“ఇయ్యనిచ్చేదాన్ని కాదు.”

“అందుకే చెప్పలే.”

“ఆమె పొయ్యి వెలిగించి నా పొయ్యి ఆర్పినావు. నేను ఊదలేక చస్తా ఉంటే చూస్తా కూచున్నావు. నాకెంత కోపముండాదో తెలుసా నీకు?”

“తెలుసు.”

“తెలీదు. ఉండు... ఆకలి లేదు, ఆకలి లేదు అంటావే. ఆడ తినొస్తా ఉండావా?”

“ఒక్క దినం.”

“ఒక్క దినమా?”

“రెండు మూడు.”

“ఏం పెట్టింది?”

“ఏం పెట్టిందో ఇప్పుడెందుకు లక్ష్మీ?”

“ఏం పెట్టింది?”

“ఎండ్రకాయల చారు. చేలల్లో ఆమే పట్టుకొచ్చింది. సంగటిలోకి నంజుకొనేదానికి చెనిక్కాయల ఊరిబిండి.”

“ఎండ్రకాయల చారా! ఈ వానకి, ఆ ఘాటుకి...”

“నువ్వు నోర్ముయ్ సుబ్బరాయప్పా! నేను ఇంట్లో బొరుగులు నములుతా ఉంటి, ఈయప్ప ఆడ ఎండ్రకాయలు జుర్రుకొంటా ఉండాడు!”

“దోవలో ఆపి పిలస్తాది. వద్దంటే ఏడస్తాది. పైన రేకు మీద వాన చప్పుడు, కింద మంట, వేడి వేడి చారు... నువ్వు గూడా ఉంటే బాగుండు అనుకొంటానే తిన్నా.”

“అనుకొంటా తిన్నావు. తినకుండా మాత్రం ఉండలే.”

“పన్నెండేండ్లు పిల్లప్పా నేనూ ఒకటే డ్రిల్లు పట్టినాము లక్ష్మీ. బండ పడిన దినం ఆయన నిలబడుకొన్న జాగా నాది. నీళ్ళు తాగొస్తా, కొంచెం పట్టుకో అని చెప్పి నేను పక్కకి పోయినా. అంతే. మళ్ళీ చూసేటప్పటికి...”

“ఈ మాట ఏడాదిగా నాకు చెప్పలే నువ్వు.”

“నోరు రాలే. ఏమైనా అను. తిట్టు. అట్ల చూడబాక.”

“అదో జీపు! పెద్ద సారు వచ్చేసినాడు! అమ్మా, నీ కాళ్ళు పట్టుకుంటా, పొయ్యి ఎత్తు. రేకు ఎవురింటికి పోయిందో తెలిస్తే నేనూ పోతా, మారప్పన్నా పోతాడు.”

“లే లక్ష్మీ. తప్పు నాదే. ఇంటికి పోదాం. బొరుగులే తింటా.”

“సుబ్బరాయప్పా, నా ఇంటికి ఇంగ రేకు రాదు గదా?”

“ఎట్ల వస్తాది? కాగితంలో ఇచ్చేసినట్టుండాది.”

“గురువమ్మ ఇంటికి?”

“పెద్ద సారు చెప్తే ఇయ్యొచ్చు. చచ్చిపోయినోళ్ళ ఇండ్లకి ముందర ఒకటి రెండు ఇచ్చినారు. అయితే ఆమె వచ్చి అడగాల. ఆమె రాదు. అడిగితే ఇల్లే ఖాళీ చెయ్యమంటారని భయం.”

“వరండాలో సంసారం పెట్టినదాన్ని ఇంగ యాడి నుంచి ఖాళీ చేయిస్తారు? ఈ సారుకి మా మొఖాలు తెలుసా?”

“వచ్చి నెల గూడా కాలే, యాడ తెలుస్తాది... ఏందమ్మా అది! బొట్టెందుకు తుడస్తా ఉండావు? తాళి ఎందుకు లోపలికి దోపుతా ఉండావు?”

“లక్ష్మీ! నేను బతికుండా! నీ ఎదురుగానే ఉండా!”

“ఉండావు. అందుకే ఈ ముద్ద తీసుకో. చారు పోసినా. ఆ మూల కూచొని చల్లారక ముందే తిను. కొంచెంసేపు నువ్వు నాకు పక్కింటోడివి, అంతే. నా రేకు ఆమె పొయ్యి మీదుండాది గదా, ఆమెకొచ్చే రేకు నా పొయ్యి మీదికి రానీ.”

“లక్ష్మీ, వద్దు...”

“తిను అంటా ఉండా.”

“ఏమిటిది సుబ్బరాయప్పా? ఆఫీసులో ఈ పొగ ఏమిటి? ఎవరమ్మా నువ్వు?”

“నేను గురువమ్మని సార్. నా మొగుడు పిల్లప్ప మీ గని లోపలే చచ్చిపోయినాడు. నా పొయ్యి మీద రేకు లేదు.”